నాలుగు బడుల టీ

పదహారో రొట్టెముక్కకు వెన్న రాస్తుండగా నోర్మా హోల్‌రాయిడ్‌కు గుండెల్లో మంట మళ్ళీ మొదలైంది. కత్తి పక్కన పెట్టి, గౌను జేబులోంచి సుద్దముక్క లాంటి మాత్ర ఒకటి తీసి నమిలింది. తర్వాత పదిహేడో ముక్క అందుకుంది. కింది బడి హాల్లో ఏడున్నరకే పద్దెనిమిది మంది పిల్లలు బల్లల ముందు చేరి, కాళ్ళాడిస్తూ, ఒకరి కప్పులోకి ఒకరు చూసుకుంటున్నారు. ఆమె కీళ్ళు వాచిన వేళ్ళతో ముక్కను పట్టుకుని, వెన్నను ఈ అంచు నుంచి ఆ అంచు దాకా లాగి, అడ్డంగా ఒక్క కోత కోసేది. ఎత్తు తక్కువ, ఒళ్ళు ఎక్కువ. నెరిసిన జుట్టును నెలకోసారి ఉంగరాలు తిప్పించుకుంటుంది. కాళ్ళ నరాలు ఉబ్బినందుకు మోకాళ్ళ దాకా బిగుతు మేజోళ్ళు.

"మిస్, నాకు అంచులొద్దు," అంది అయిదేళ్ళ మైసీ.

"అంచులు తింటే జుట్టు ఉంగరాలు తిరుగుద్దే. నాది చూడు."

"నువ్వు డబ్బులిచ్చి తిప్పించుకుంటావంట. మా నాన్న చెప్పాడు."

బల్ల బల్లంతా నవ్వింది. నోర్మా కూడా నవ్వి, అంచులు కోసి తన నోట్లో వేసుకుంది.

కోల్డ్‌బ్రిగ్‌లో, ఆ ఉత్తరపు కొండ ఊళ్ళో, బడులు నాలుగు. కొండ మీద పై బడి, లోయలో కింది బడి, నడుమ చర్చి బడి, కాలువ ఒడ్డున కాలువ బడి. ముప్పై ఏళ్ళ పాటు వీటికి ఒకదానితో ఒకటి మాటల్లేవు. ఫుట్‌బాల్ ఆడేటప్పుడు తిట్లు మాత్రం ఉండేవి. అయిదేళ్ళ కిందట, బడులు పొద్దున ఏడున్నర నుంచి సాయంత్రం ఆరు దాకా తెరిచి ఉంచాలని, పిల్లలకే కాక ఇంటిల్లిపాదికీ పనికిరావాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఏ ఒక్కదానికీ ఆ శక్తి లేదు కనుక నాలుగూ కలిసి ఒక జట్టుగా, కాగితాల భాషలో క్లస్టర్‌గా, అయ్యాయి. చర్చి బడిలో నర్సు కూర్చుంటుంది, కాలువ బడిలో పాత బట్టలు మార్చుకుంటారు, పై బడిలో పెద్దలకు చదువు చెబుతారు. కింది బడిలో మంచి పొయ్యి ఉంది కనుక పొద్దున టోస్టూ సాయంత్రం టీ అక్కడే. వీటన్నిటి మధ్యా కొండెక్కుతూ దిగుతూ తిరిగేది మాత్రం నోర్మా ఒక్కతే. మెడలో బిళ్ళ మీద 'కుటుంబ సహాయకురాలు' అని ఉంటుంది. ఎవరూ చదవరు. నోర్మా అంటే చాలు.

తొమ్మిదింటికి వంటమనిషి డెనీస్ వచ్చింది. చేతిలో ఉత్తరం. కోటు కూడా విప్పకుండా దాన్ని సింకు పక్కన పెట్టింది.

"ఏమే, ఏప్రిల్ ఫూల్ రేపు కదా? వీళ్ళకి తొందరెక్కువైందా?"

నోర్మా కళ్ళజోడు పెట్టుకుని చదివింది. శుక్రవారం, ఏప్రిల్ ఒకటో తారీఖు నుంచి డెనీస్ సాయంత్రపు వంట గంటలు రద్దు. ఆ గంటలు పై బడిలో తల్లిదండ్రులకు పోషకాహారం గురించి చెప్పే తరగతికి కేటాయించారు. డెనీస్‌కు పక్క ఊరి బడిలో పని చూపించారు. కారణం కింద ఇచ్చిన పట్టికలో ఉంది. కుటుంబాలను మీకు ఏది అన్నిటికంటే అవసరం అని అడగగా అరవై ఒక్క ఇళ్ళ వాళ్ళు ఒకటే రాశారట. 'టీ.' దాని ఎదురుగా పద్ధతిగా ఇంకో మాట అచ్చు వేశారు: 'వేడి పానీయం. కెటిల్, బిస్కట్లతో తీర్చవచ్చు. వంట అవసరం లేదు.'

నోర్మా రెండోసారి చదివింది. మొదట నవ్వొచ్చింది. తర్వాత కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది.

కోల్డ్‌బ్రిగ్‌లో టీ అంటే తాగేది కాదు. తాగేదాన్ని కూడా ఆ పేరుతోనే పిలుస్తారు, నిజమే. కానీ బడి నుంచి వచ్చిన పిల్ల గుమ్మంలోనే 'టీకి ఏంటి?' అని అరిచిందంటే పొయ్యి మీద ఏం ఉడుకుతోందని అర్థం. మధ్యాహ్నం తినేది డిన్నర్, సాయంత్రం అయిదింటికి తినేది టీ. ఈ ఊళ్ళో పుట్టిన ప్రతి మనిషికీ తెలిసిన సంగతి. జనవరిలో దక్షిణపు ఊళ్ళ నుంచి వచ్చిన క్లస్టర్ మేనేజరు ఫిలిప్పాకు తెలీదు.

"దీన్లో నవ్వేదేముంది?" అంది డెనీస్.

"నవ్వట్లేదే. వాళ్ళ చేత రాయించింది నేనే."

నిజంగా ఆమే. ఫిబ్రవరిలో ఆ కాగితాలు పట్టుకుని ఇంటింటికీ తిరిగింది. వానలో తడిసింది, కుక్కల చేత మొరిగించుకుంది. కాగితం చూస్తేనే బెదిరిపోయే మనుషులు. పొడుగ్గా రాయమంటే అసలే రాయరు. అందుకని గుమ్మాల్లో నిలబడి అందరికీ ఒకటే చెప్పింది: "ఒక్క మాట చాలు. టీ అని రాయండి, వాళ్ళకి తెలుస్తుంది."

డెనీస్ కోటు విప్పి కొక్కేనికి తగిలించింది. పిండి డబ్బా కిందికి దించుతూ, "హెడ్మాస్టర్లు అయిదుంపావుకి చర్చి బడిలో కూర్చుంటారంట. వెళ్ళి చెప్పు. నోరుందిగా నీకు," అంది.

పదిన్నరకు నోర్మా కాలువ పక్క వీధిలో మైసీ తండ్రి క్రెయిగ్ ఇంటి తలుపు తట్టింది. మైసీ చెవి చూపించడానికి నర్సు దగ్గర సమయం తీసుకున్న సంగతి చెప్పాలి. క్రెయిగ్‌కు ముప్పై రెండేళ్ళు. భార్య వెళ్ళిపోయి రెండేళ్ళయింది. రొట్టెల ఫ్యాక్టరీలో పన్నెండింటికి డ్యూటీ ఎక్కితే రాత్రి ఎనిమిదికి దిగుతాడు. అతని కూతుళ్ళు బెథనీ, మైసీ ఆరింటికి నానమ్మ దగ్గరకు వెళతారు. నానమ్మకు తుంటి అరిగిపోయింది, పొయ్యి ముందు నిలబడలేదు. మొదట్లో అతను నోర్మాను గుమ్మం దాటనిచ్చేవాడు కాదు. ఇప్పుడు కుర్చీ మీది బట్టలు తీసి, కూర్చోమన్నాడు.

"చెవి సంగతి నువ్వు చూస్తావుగా నోర్మా?"

"నేనే తీసుకెళ్తా."

"మొన్న సూపర్‌వైజరు అడిగాడు, నీ పిల్లలు ఏం తింటార్రా సాయంత్రం అని. బళ్ళో టీ పెడతారు, నాకంటే బాగా తింటారు అన్నా." జుట్టులోంచి నిన్నటి పిండి దులుపుకుంటూ నవ్వాడు. "అదొక్కటీ లేకపోతే నేను ఆ పని మానేసుండేవాణ్ణి. ఒట్టు."

నోర్మా చెబుదామనుకుంది. నోరు తెరిచింది కూడా. గుండెల్లో మంట గొంతు దాకా వచ్చింది. ఇంకో మాత్ర వేసుకుని, చెవిలోకి దూది పెట్టొద్దని చెప్పి బయటికొచ్చింది. సాయంత్రం అంతా సర్దుకుంటే అతనికి చెప్పాల్సిన అవసరమే రాదు అనుకుంది. అలా అనుకుంటే కొంచెం తేలిగ్గా ఉంది.

డిన్నర్ శాండ్‌విచ్ కొండెక్కుతూ నడుస్తూనే తింది. ఆమె కూర్చుని తిన్న డిన్నర్లు ఈ అయిదేళ్ళలో తక్కువే. పదిహేనో ఏట మిల్లులో మగ్గం ముందు నిలబడ్డప్పుడు అలవాటైన నిలబడటం అది. మిల్లు చప్పుడులో మాటలు వినపడేవి కావు. ఆడవాళ్ళు పెదాలు చూసి మాట్లాడుకునేవారు. అయిదు వరసల అవతల ఎవరు ఎవరితో తిరుగుతున్నారో చప్పుడు లేకుండా చెప్పుకునేవారు. మిల్లు మూతపడ్డాక నోర్మా బళ్ళో డిన్నర్ వడ్డించింది, తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా గుండ్రటి బోర్డు పట్టుకుని పిల్లల్ని రోడ్డు దాటించింది. భర్త కెన్ ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు. పిల్లలు కలగలేదు. ఎవరైనా ఎంతమంది పిల్లలంటే, "ఇవాళ ఎంతమంది వచ్చారో లెక్క చూడాలి," అనేది. అడిగినవాళ్ళు నవ్వేవారు. ఆమె వాళ్ళతోపాటు నవ్వేది కానీ, ఆ ప్రశ్న అడిగిన రోజు ఇంటికెళ్ళాక రేడియో పెట్టుకునేది కాదు.

మూడుంపావుకు పై బడి గేటు దగ్గర తాడు విప్పింది. పొడవాటి నీలం తాడు, జానెడుకో ముడి. ఒక్కో ముడి ఒక్కో పిల్లది. పసుపుపచ్చ కోటు వేసుకుని ముందు నోర్మా నడిస్తే, పై బడి పిల్లలు వెనకాల దిగుతారు. చర్చి బడి దగ్గర కొందరు, కాలువ బడి దగ్గర కొందరు, చివర కింది బడి గేటు దగ్గర అక్కడి పిల్లలు కలుస్తారు. నాలుగు రంగుల స్వెటర్లు ఒకే తాడు పట్టుకోవడం ఊళ్ళో మొదటిసారి చూసినప్పుడు, చుట్టల దుకాణం ముసలాయన బయటికొచ్చి టోపీ తీశాడు. ఇప్పుడెవరూ చూడరు. నలభై నాలుగు జతల కాళ్ళు గుంటల్లో కావాలని అడుగులేసుకుంటూ నాలుగింటికి కింది బడి హాల్లోకి చేరాయి.

డెనీస్ పిండి మూత పెట్టి కాల్చే 'పై' చేసింది, మాంసం కూరి. మాంసం తినని వాళ్ళకు చీజ్ కూరినది. పచ్చబఠాణీల గుజ్జు, చిక్కటి గ్రేవీ. తర్వాత తీపికి యాపిల్ క్రంబుల్, పైన కస్టర్డ్. ఏ పండక్కీ చెయ్యనంత శ్రద్ధగా పిండి మూత అంచులు నొక్కి, మీద పిండితోనే ఆకులు కోసి అతికించింది. అడిగితే పిండి మిగిలిందంది. పిల్లలకేం తెలుసు, ఎగబడి తిన్నారు. తొమ్మిదేళ్ళ బెథనీ ఎప్పటిలాగే ముందు చెల్లెలి పళ్ళెం చూసి, అందులో చాలినంత ఉందని నమ్మకం కుదిరాక తన ఫోర్కు తీసింది.

"రేపు టీకి ఏంటి మిస్?"

ప్రతి గురువారం అడుగుతుంది. శుక్రవారం చేప అని తనకూ తెలుసు. అయినా చెప్పించుకోవడం ఇష్టం.

"రేపు చూద్దాంలే తల్లీ."

బెథనీ ఫోర్కు ఆపి ఆమె వంక చూసింది. "ఎప్పుడూ చేప అంటావుగా?"

"తిను. చల్లారిపోద్ది."

అయిదింటికి పిల్లల్ని డెనీస్‌కు అప్పజెప్పి నోర్మా చర్చి బడికి నడిచింది. లైబ్రరీలో నలుగురు హెడ్లు, ఫిలిప్పా. అందరూ పసిపిల్లల కుర్చీల్లో మోకాళ్ళు గడ్డాలకు తగిలేలా కూర్చుని ఉన్నారు. కింది బడి హెడ్మాస్టరు ఆండ్రూ ఆక్రాయిడ్‌ను ఆమె ఆరేళ్ళప్పుడు చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది. ఇప్పుడు ఆయనకు బట్టతల.

"రెండు నిమిషాలు ఇవ్వండి," అంది నిలబడే. "టీ అంటే టీ కాదండీ."

ఫిలిప్పా అర్థం కాక మర్యాదగా నవ్వింది. పాతికేళ్ళ పిల్ల, చెడ్డది కాదు. ఆ నాలుగు బడుల కాగితాలూ రాత్రీపగలూ సర్దేది ఆమే.

"అది తాగేది కాదమ్మా. తినేది. సాయంత్రం పొట్టనిండా తినేది. ఆ అరవై ఒక్క ఇళ్ళ వాళ్ళూ రాసింది దాని గురించే."

"అంటే... రాత్రి భోజనమా?"

"వీళ్ళల్లో కొంతమందికి ఆ తర్వాత ఇంకేం ఉండదు."

ఫిలిప్పా ముఖం మెడ దాకా ఎర్రబడింది. కాగితాలు తిరగేసింది. "మా ఇంట్లో సప్పర్ అంటాం. నాకు... ఇది మీ నలుగురికీ మూడు వారాల కిందటే పంపానండీ. ఎవరూ ఏమీ అనలేదు."

ఆ నలుగురూ కోల్డ్‌బ్రిగ్‌లో పుట్టి పెరిగినవాళ్ళే, టీకి ఇంటికి పరిగెత్తినవాళ్ళే. కాలువ బడి హెడ్మిస్ట్రెస్ పెదాలు కదిలాయి, చప్పుడు లేదు. 'నువ్వు చెబుతావనుకున్నా,' అంది చర్చి బడి ఆయనతో. 'వంటిల్లు వాళ్ళది, వాళ్ళే చూసుకుంటారనుకున్నా,' అన్నాయి ఆయన పెదాలు. మిల్లులో నేర్చిన విద్య నోర్మాకు ఎందుకూ పనికిరాలేదని ఎవరన్నారు? ఒక్క మాట కూడా పోకుండా అంతా చదువుకుంది. నాలుగు బడులు కలిసి చేసే పని కనుక నాలుగూ పక్క బడి చూస్తుందనుకున్నాయి.

"నేను మూడో పేజీ దాకా వెళ్ళలేదు నోర్మా," అన్నాడు ఆక్రాయిడ్. ఆయన అబద్ధం చెప్పలేదు, అంతవరకు మెచ్చుకోవాలి.

"అయితే ఇప్పుడు మార్చెయ్యండి."

మార్చడానికి లేదట. కాగితం కౌన్సిల్‌కు వెళ్ళిపోయింది, కొత్త బడ్జెట్ ఏడాది రేపటి నుంచే, తరగతి చెప్పే ఆవిడకు మాటిచ్చేశారు. సెప్టెంబరులో తప్పకుండా మళ్ళీ చూస్తారట. అందరూ చాలా బాధపడ్డారు. నిజంగానే బాధపడ్డారు, అందులో అనుమానం లేదు.

"తప్పు నాదేలెండి," అంది నోర్మా. "టీ అని రాస్తే చాలని చెప్పింది నేను."

కాదు అని ఒక్కరైనా అంటారేమోనని కొంచెంసేపు చూసింది. ఎవరూ అనలేదు. ఫిలిప్పా లేచి, ఫ్లాస్కులోంచి కప్పులోకి వేడివేడి టీ పోసి, సాసరులో రెండు బిస్కట్లు పెట్టి ఆమెకు అందించింది. ఇచ్చిన కప్పు వద్దనడం నోర్మాకు తెలీదు. నిలబడే తాగి, "థ్యాంక్యూ అమ్మా," అని కప్పు కడిగి బోర్లించి వచ్చేసింది.

బస్సుల షెల్టరులో కూర్చుని ఏడ్చింది. కెన్ పోయినప్పుడు కూడా వీధిలో ఏడవని మనిషి. ఆగిన బస్సు డ్రైవరు ఎక్కుతావా అన్నట్టు చూశాడు. చెయ్యి అడ్డంగా ఊపింది. అరవై ఒక్క గుమ్మాలూ వరసగా గుర్తొచ్చాయి, ప్రతి గుమ్మంలోనూ తన గొంతే. వాళ్ళకి తెలుస్తుంది. వాళ్ళకి తెలుస్తుంది.

తర్వాత ముక్కు తుడుచుకుని లేచి షఫీక్ కూరల దుకాణానికి వెళ్ళింది. అతను బయటి పెట్టెలు లోపలికి మోస్తున్నాడు.

"బంగాళాదుంపలు కావాలి. అది." ఆమె చూపింది బస్తా.

"పెళ్ళి చేస్తున్నావా నోర్మా? వరుడెవరో చెప్పు, అతని మీద జాలిపడతా."

"టీకి."

"ఎంతమందికి?"

"నలభై నాలుగు."

షఫీక్ నవ్వు ఆపాడు. అతని మనవలు ఇద్దరూ ఆ తాడు పట్టుకునే నడుస్తారు. వ్యాను తీస్తానన్నాడు. రెండడుగుల దూరానికి వ్యానేమిటని ఆమె ఒప్పుకోలేదు. చివరికి అతనే బస్తా భుజాన వేసుకుని సందులో మెట్లన్నీ ఎక్కి ఆమె వంటింట్లో దించి పోయాడు. వెనకాల ఎక్కిన నోర్మా మూడుసార్లు ఆగింది.

ఆదివారమే గడియారాలు ముందుకు జరిపారు కనుక ఆరున్నరైనా కిటికీలో వెలుతురు బాగానే ఉంది. ఆమె డెనీస్‌కు ఫోన్ చేసింది.

"పొద్దున్నే నీ పెద్ద గిన్నె తీసుకురా."

"ఎందుకే?"

"నా పొయ్యి మీద ఉడకబెట్టి, తోపుడుబండిలో పెట్టి తోసుకెళ్తా. పిల్లల్ని మేనేజరమ్మ ఇచ్చేది తాగనీ, నేనిచ్చేది తిననీ."

"నీకు మతిపోయింది. ఎన్నాళ్ళు చేస్తావలా?"

"రేపటి సంగతి రేపు చేస్తా. ఆ బెథనీ పిల్ల అడిగిందే, టీకి ఏంటని. చెప్పలేకపోయా."

"ఆరింటికొస్తా. తొక్కలు పల్చగా తియ్యి, నీది చెయ్యి కాదు గొడ్డలి," అని డెనీస్ ఫోన్ పెట్టేసింది.

నోర్మా కుర్చీ సింకు దగ్గరకు లాక్కుని చెక్కు తీయడం మొదలుపెట్టింది. ఎడమ చెయ్యి మోచేతి దాకా లాగుతోంది. బరువేమీ మొయ్యలేదే అనుకుంది. ఓసారి ఆగి మాత్ర నమిలి మళ్ళీ అందుకుంది. బస్తా సగం ఖాళీ అయ్యాక ఒక్క నిమిషం అని వెనక్కి వాలింది. అలా వాలినది వాలినట్టే ఉంది. ఎక్కువసేపు బాధపడి ఉండదని తర్వాత డాక్టరు అన్నాడు. డాక్టర్లు అలాగే అంటారు.

శుక్రవారం పొద్దున కింది బడి మెట్ల మీద పిల్లలు వానలో నిలబడ్డారు. హాలు తాళంచెవి నోర్మా దగ్గరే ఉండేది. ఎనిమిదింటికి ఆక్రాయిడ్ ఇంకో తాళంచెవి తెచ్చి తెరిచి, సూటు చేతులు మడిచి, రొట్టెకు వెన్న రాశాడు. ఆ పాటికి డెనీస్ నోర్మా ఇంట్లో, అంబులెన్సు మనుషులు కప్పిన కోటులో, తను తెచ్చిన పెద్ద గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

సాయంత్రం తాడు ముందు ఫిలిప్పా నడిచింది. కళ్ళు వాచి ఉన్నాయి. హాల్లో బల్లల మీద కాగితపు కప్పుల్లో టీ, ఒక్కొక్కరికి రెండు బిస్కట్లు. పిల్లలకు సంగతి చెప్పారు, కొందరు ఏడ్చారు, కొందరికి అర్థం కాలేదు. మైసీ కప్పులోకి తొంగిచూసి అక్కను మోచేత్తో పొడిచింది.

"ఇది తాగేది. టీ ఏది?"

బెథనీ తన బిస్కట్లు రెండూ చెల్లెలి ముందుకు జరిపింది. ఆ మాట విన్న ఫిలిప్పా వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

కొండ మీద సందులో నోర్మా ఇంటికి ఎవరో తాళం వేసి వెళ్ళారు. సింకు కింద ఎర్ర బకెట్టులో, నిండా పోసిన నీళ్ళ అడుగున, చెక్కు తీసిన బంగాళాదుంపలు తెల్లగా ఉన్నాయి, ఒక్కటీ నల్లబడలేదు.